ఇంటి కరెంటు, బండి పెట్రోల్ తగ్గించుకుని మన గాలిని బాగుచేసుకుందాం: హైదరాబాద్ కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

మా ఇల్లు బోడుప్పల్‌లో. మూడంతస్తుల ఇంట్లో పై వాటాలో అద్దెకుంటున్నాం. ఎండాకాలం రాత్రి పదింటికి కూడా మా పడకగది స్లాబ్ నుంచి సెగ దిగుతూ ఉండేది. డిసెంబర్ వచ్చిందంటే అమ్మకు దగ్గు పట్టుకునేది, సంక్రాంతి దాటితే గానీ వదిలేది కాదు. ఎండాకాలం కరెంటు బిల్లుకూ చలికాలం దగ్గుకూ సంబంధం ఉందని నాకు చాలా ఏళ్లు తట్టలేదు. మా ఏసీ తిరగాలంటే ఎక్కడో బొగ్గు కాలాలి, నేను ఆఫీసుకు పోవాలంటే మా వీధిలోనే పెట్రోల్ కాలాలి. రెండూ తగ్గించుకోవడానికి మేం చేసిన పనులు, వాటి వెనుక లెక్కలు, చేసే వరుస ఇక్కడ రాస్తున్నాను. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కూడా వీటిలో చాలావరకు చేసుకోవచ్చు.

పొగ ఎక్కడ పుడుతుందో ముందు తెలుసుకోండి

తెలంగాణలో మనం వాడే కరెంటులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తుంది. రామగుండం, పాల్వంచ, భూపాలపల్లి, ఇప్పుడు దామరచర్ల దగ్గర యాదాద్రి. ఒక యూనిట్ తయారు కావడానికి అటూ ఇటూగా 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. కాబట్టి మన ఇంట్లో ఒక యూనిట్ మిగిలితే మొదట తెరిపిన పడేది ఆ ఊళ్ల గాలి. అలాగని మనకు దక్కేది ఏమీ లేదనుకోవద్దు. చిమ్నీల నుంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గాల్లో సన్నని రేణువులుగా మారి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది.

బండి పొగ సంగతి వేరు. అది మన ముక్కు ఎత్తులోనే పుడుతుంది. సిగ్నల్ దగ్గర మన వెనుక ఆగిన స్కూటర్ మీది పిల్లవాడు పీల్చేది మన సైలెన్సర్ పొగనే. అందుకే నా లెక్కలో, సొంత వీధి గాలి బాగుపడాలంటే బండి, చెత్త మంట, డీజిల్ జనరేటర్ ముందు. బొగ్గు తగ్గాలంటే ఏసీ, గీజర్, ఫ్యాన్లు ముందు. ఎల్‌ఈడీ బల్బు మార్చాం కదా అని అక్కడితో ఆగితే రెండూ తగ్గవు.

చలికాలమే ఎందుకు ఇబ్బంది అంటే, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా రాత్రిళ్లు నేల దగ్గరి గాలి చల్లబడి కిందే ఉండిపోతుంది. దాని మీద వెచ్చని గాలి గిన్నె మీద మూతలా కూర్చుంటుంది. జూలైలో గాలికి కొట్టుకుపోయే పొగే జనవరి పొద్దున మన మధ్య నిలిచిపోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వారి సమీర్ యాప్‌లో సనత్‌నగర్, జూపార్క్ లాంటి స్టేషన్ల రీడింగులు చూడవచ్చు. ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నని రేణువులకు (వాటినే పీఎం 2.5 అంటారు) మన దేశం పెట్టుకున్న 24 గంటల పరిమితి ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పినది 15. మన పరిమితిలో ఉన్నామంటే ఊపిరితిత్తులకు ఏమీ కాదని అర్థం కాదు.

మొదటి పని: వారం రోజులు మీటర్ చదవండి

ఏ వస్తువూ కొనకముందు ఈ పని చేయండి. రోజూ ఒకే సమయానికి కరెంటు మీటర్ రీడింగ్, బండి కిలోమీటర్ల రీడింగ్ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఏడు రోజులు చాలు. ఆదివారం ఎంత, ఆఫీసు రోజు ఎంత, చుట్టాలు వచ్చిన రోజు ఎంత అన్నది కళ్ల ముందుకొస్తుంది.

తర్వాత ఒక చిన్న పరీక్ష. ఎలక్ట్రానిక్ మీటర్ మీద చిన్న ఎర్ర లైటు మినుకుమంటూ ఉంటుంది. ఎన్నిసార్లు మినుకుమంటే ఒక యూనిట్ అయినట్టో మీటర్ ముఖం మీదే ముద్రించి ఉంటుంది, చాలా మీటర్లకు అది 3200. ఇంట్లో అన్నీ మీరు రోజూ పడుకునేముందు ఆపినట్టే ఆపండి. ఫ్రిజ్ ప్లగ్ కూడా కాసేపు తీయండి. ఇప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు మినుకుమంటుందో లెక్కపెట్టండి. 3200 మీటర్ అయితే నిమిషానికి ఒక్కసారి అంటే దాదాపు 19 వాట్లు.

మా ఇంట్లో మూడుసార్లు వచ్చింది. అంటే అన్నీ ఆపేశాం అనుకున్నప్పుడు కూడా 56 వాట్లు పోతున్నాయి. నెలకు 40 యూనిట్లు! సెట్‌టాప్ బాక్స్, టీవీ, వైఫై, మైక్రోవేవ్ గడియారం, పాతబడిన ఇన్వర్టర్ బ్యాటరీ అన్నీ కలిసి లాగుతున్నవి అవి. టీవీ, సెట్‌టాప్ బాక్స్‌లను స్విచ్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు కలిపి, పడుకునేముందు ఆ ఒక్క స్విచ్ ఆపడం అలవాటు చేసుకున్నాం. రిమోట్‌తో ఆపడం ఆపడం కాదు.

అదే లైటుతో ఒక్కో వస్తువునూ పరీక్షించండి. మిగతావన్నీ ఆపి ఒక ఫ్యాన్ వేసి చూడండి, ఫ్రిజ్ ఒక్కటే నడిపి చూడండి. ఏది ఎంత తింటుందో మీకే తెలిసిపోతుంది.

200 యూనిట్ల గీత

గాలితో నేరుగా సంబంధం లేని విషయమైనా, ఇంట్లో పెద్దవాళ్లను ఒప్పించడానికి ఇదే బాగా పనికొస్తుంది. మన డిస్కమ్‌లలో (కరెంటు పంపిణీ సంస్థల్లో) 2022 నుంచి ఉన్న గృహ టారిఫ్ ప్రకారం నెలకు 100 దాటి 200 యూనిట్ల లోపు వాడితే మొదటి 100కు యూనిట్ 3.40, తర్వాతి 100కు 4.80 రూపాయలు. మొత్తం 820. ఒక్క యూనిట్ దాటి 201 అయితే కేటగిరీయే మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ 5.10 చొప్పున, ఆ పైదానికి 7.70. మొత్తం 1,027 రూపాయల 70 పైసలు. ఫిక్స్‌డ్ చార్జీలు వేరే. ఒక్క యూనిట్‌కు 200 రూపాయలకు పైగా తేడా అన్నమాట. గృహజ్యోతి కింద ఉచిత కరెంటు వచ్చే కుటుంబాలకు కూడా గీత ఆ 200 దగ్గరే.

మీ నెల లెక్క 230, 250 దగ్గర ఉంటే, కింద చెప్పినవాటిలో రెండు మూడు చేసినా గీత లోపలికి వచ్చేస్తారు.

పైకప్పుకు సున్నం

అన్నిటికంటే మాకు ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే, కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. మే నెల ఎండకు సిమెంటు టెర్రస్ చెప్పుల్లేకుండా నిలబడలేనంత కాలుతుంది. ఆ వేడి స్లాబ్‌లోకి మెల్లగా దిగి, సాయంత్రం నుంచి అర్ధరాత్రి దాకా గదిలోకి వస్తూనే ఉంటుంది. సరిగ్గా అప్పుడే మనం ఏసీ వేస్తాం. అంటే ఏసీ చేసే పనిలో చాలాభాగం పగటి ఎండను తోడి బయట పోయడమే. తెల్లటి పైకప్పు ఆ ఎండను పగలే తిప్పికొడుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది కూడా ఇందుకే.

మూడు దారులున్నాయి. తెల్ల టైల్స్ ఎక్కువ కాలం ఉంటాయి, ఖర్చు ఎక్కువ. ఎండను తిప్పికొట్టే కూల్ రూఫ్ పెయింట్ మధ్యరకం. సున్నం అన్నిటికంటే చవక, కానీ ఒకటి రెండు వానాకాలాల తర్వాత మళ్లీ వేయాలి. సొంతిల్లయితే పెయింటే మంచిదని నా అభిప్రాయం. అద్దె ఇల్లయితే ఓనరును అడిగి సున్నం వేయండి. మేం ఓనరు గారితో మాట్లాడి ఖర్చు సగం సగం పెట్టుకున్నాం.

వేసే విధానం ఇది. ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో పని పెట్టుకోండి. టెర్రస్ ఊడ్చి, పాచి గీకి, నీళ్లతో కడిగి రెండు రోజులు ఆరనివ్వాలి. పగుళ్లుంటే ముందు అవి పూడ్చాలి, సున్నం లీకేజీని ఆపదు. రాత్రి సున్నాన్ని నీళ్లలో నానబెట్టండి. సున్నం మీద నీళ్లు పోయకూడదు, నీళ్లలోకి సున్నాన్ని కొద్దికొద్దిగా వేయాలి, ఎందుకంటే అది బుసబుసా పొంగి కాలుతుంది. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి, పిల్లల్ని దగ్గరికి రానివ్వొద్దు. పొద్దున పలచటి గుడ్డలో వడగట్టి, పెయింట్ షాపులో దొరికే జిగురు కలిపితే పొడిలా రాలకుండా పట్టుకుంటుంది. ఎండ ఎక్కకముందు ఒక పూత, అది బాగా ఆరాక అడ్డంగా రెండో పూత. వర్షపు నీళ్లు సంపులోకి పట్టుకునేవాళ్లు మొదటి ఒకటి రెండు వానల నీళ్లు వదిలేయండి.

వడియాలు, ఊరమిరపకాయలు ఎండబెట్టుకునే మూల మాత్రం అమ్మ సున్నం వేయనివ్వలేదు. ఆ పది అడుగులు వదిలేసినా నష్టం లేదు.

పడమటి గోడ కూడా ఇంతే. సాయంత్రపు ఎండ ఆ గోడకే తగులుతుంది. కిటికీకి లోపల కర్టెన్ కంటే బయట వెదురు తడకో, గ్రీన్ నెట్టో కట్టడం మేలు. ఎండ అద్దం దాటి లోపలికి వచ్చాక దాన్ని ఆపడం కష్టం.

ఫ్యాన్, కూలర్, ఏసీ: ఈ వరుసలో

మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు లాగుతుంది. తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 దగ్గర. రోజుకు 14 గంటలు తిరిగే ఫ్యాన్ మారిస్తే నెలకు 19 యూనిట్లు మిగులుతాయి. నాలుగూ ఒకేసారి మార్చనక్కర్లేదు. ఎక్కువసేపు తిరిగేది హాల్ ఫ్యానో, అమ్మ గది ఫ్యానో చూసుకుని దాన్ని ముందు మార్చండి.

కూలర్‌ను మనవాళ్లు ఈ మధ్య చిన్నచూపు చూస్తున్నారు, నాకు అది బాధగా ఉంటుంది. మార్చి నుంచి మే చివరిదాకా హైదరాబాద్ ఎండ పొడి ఎండ. చెన్నైలోనో వైజాగ్‌లోనో కూలర్ ఉక్కపోత పెంచుతుంది, కానీ ఇక్కడ ఆ మూడు నెలలూ బాగా పనిచేస్తుంది. కరెంటు 200 వాట్ల లోపే. వట్టివేళ్ల తడక పెట్టి, ఎదురు కిటికీ తెరిచి ఉంచాలి. తలుపులన్నీ మూస్తే గది చెమ్మగిల్లుతుంది. వానలు పడ్డాక కూలర్ తీసేయండి. ట్యాంకు నీళ్లు వారానికోసారి పూర్తిగా మార్చకపోతే దోమలు పెరుగుతాయి.

ఏసీ తప్పదనుకుంటే, టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ ఎనిమిది గంటలకు సుమారు 7 యూనిట్లు తింటుందనుకోండి. నెలకు 210. అంటే ఒక్క ఏసీతోనే ఆ 200 గీత దాటిపోతాం. స్టార్ లేబుళ్లు ఇచ్చే కేంద్ర ప్రభుత్వ సంస్థ బీఈఈ చెప్పే లెక్క ప్రకారం ఒక డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం ఆదా. 2020 నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ 24 డిగ్రీల సెట్టింగ్‌తోనే రావాలన్న నిబంధన కూడా ఉంది. మేం 27లో పెట్టి ఫ్యాన్ రెండో నంబరు మీద వేస్తాం, తెల్లవారుజామున నాలుగింటికి టైమర్‌తో ఆగిపోతుంది. ఫిల్టర్ రెండు వారాలకోసారి కుళాయి కింద కడగాలి. మన ఊరి దుమ్ముకు నెల ఆగినా జాలీ మూసుకుపోతుంది.

నీళ్లలోనూ కరెంటు ఉంది

చలికాలంలో గీజర్‌దే పెద్దపీట. 20 లీటర్ల బకెట్ స్నానానికి నీళ్లు కాగడానికి దాదాపు 0.4 యూనిట్. షవర్ కింద 60 లీటర్లు పోతే 1.1 దాటుతుంది. నలుగురున్న ఇంట్లో నెలకు తేడా 80, 90 యూనిట్లు. గీజర్ పావుగంట ముందు వేసి, ఆపేసి, వరుసగా ఒకరి తర్వాత ఒకరు స్నానం చేయండి. బోరు నీళ్ల ఇళ్లలో లోపలి ఎలిమెంట్ మీద తెల్లటి గార పేరుకుంటుంది. దాంతో నీళ్లు కాగడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి ఏటా దసరా తర్వాత ఒకసారి మెకానిక్‌తో తీయించి శుభ్రం చేయించండి.

ఒక హార్స్‌పవర్ మోటారు గంట నడిస్తే సుమారు ఒక యూనిట్. ట్యాంకు నిండి పొర్లిపోతుంటే నీళ్లతో పాటు అదీ పోతుంది. ట్యాంకు నిండగానే మోటారు ఆపే వాటర్ లెవల్ కంట్రోలర్ పెట్టించండి.

నల్లా నీళ్ల సంగతి చాలామందికి తెలియదు. మన కృష్ణా నీళ్లు నాగార్జునసాగర్ నుంచి వంద కిలోమీటర్లకు పైగా దూరం వస్తాయి. గోదావరి నీళ్లు ఎల్లంపల్లి నుంచి, ఇంకా దూరం. సాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, అంటే 180 మీటర్లు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది. అంటే ప్రతి చుక్కనూ 300 మీటర్లకు పైగా పంపులు ఎత్తిపోస్తున్నాయి. వెయ్యి లీటర్లు ఇక్కడికి చేరడానికి ఒక యూనిట్‌కు తక్కువ కాదు. వాకిలి ముందు పైపు పెట్టి రోడ్డు తడిపేవాళ్లకు నేను ఈ లెక్కే చెబుతున్నాను.

వంటింట్లో

గిన్నె అడుగు దాటి మంట పైకి ఎగబాకితే ఆ గ్యాస్ గాలికి పోయినట్టే. పప్పు, శనగలు నానబెట్టడం, మూత పెట్టి వండటం, కుక్కర్ రెండో విజిల్‌కే సిమ్‌లో పెట్టడం మన అమ్మలకు తెలిసినవే. మంట పసుపు రంగులో కనిపిస్తే బర్నర్ రంధ్రాలు పిన్నుతో శుభ్రం చేయండి, నీలం మంట రావాలి. వంట జరిగేంతసేపూ ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరగాలి. పోపు పొగలోనూ సన్నని రేణువులుంటాయి. మస్కిటో కాయిల్ బదులు కిటికీలకు జాలీ, మంచానికి దోమతెర పెట్టుకోండి. మూసిన గదిలో రాత్రంతా కాయిల్ పొగ పీల్చడం పసిపిల్లలకు చాలా చెడ్డది.

బండి: ముందు చిన్న ప్రయాణాలు తగ్గించండి

పొల్యూషన్ గురించి మాట్లాడేటప్పుడు అందరం లారీల వైపు, పాత ఆటోల వైపు వేలు చూపిస్తాం. నిజమే. కానీ ఈ ఊళ్లో టూవీలర్లు లక్షల్లో ఉన్నాయి, అందులో ఒకటి మనది.

వారం నోట్‌బుక్‌లో ప్రయాణాలను మూడుగా విడదీయండి: రెండు కిలోమీటర్ల లోపు, పది లోపు, అంతకు మించి.

రెండు లోపు ప్రయాణాలే గాలికి ఎక్కువ చేటు. బండి సైలెన్సర్‌లో విషవాయువుల్ని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. అది బాగా వేడెక్కితేనే పనిచేస్తుంది. పాల ప్యాకెట్‌కో, కొత్తిమీర కట్టకో వెళ్లి వచ్చేలోపు అది వేడెక్కదు. పొగంతా శుభ్రం కాకుండా మన వీధిలోనే పడుతుంది. ఈ ప్రయాణాలు నడకకో సైకిల్‌కో మార్చండి, లేదంటే నాలుగు పనులు ఒకే తిరుగుడులో పెట్టుకోండి.

పొడవాటి ప్రయాణాలకు మెట్రో. నేను రాయదుర్గం వైపు ఆఫీసుకు రానూ పోనూ దాదాపు 50 కిలోమీటర్లు బండి మీదే తిరిగేవాణ్ని. నెలకు 28 లీటర్లు. లీటరు పెట్రోల్ కాలితే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఇప్పుడు ఉప్పల్ స్టేషన్ దాకా బండి, అక్కడి నుంచి నాగోల్–రాయదుర్గం లైను. పెట్రోల్ ఐదు లీటర్ల లోపే. మియాపూర్–ఎల్‌బీనగర్, జేబీఎస్–ఎంజీబీఎస్ లైన్ల పక్కన ఉన్నవాళ్లూ ఈ లెక్క వేసుకోండి. స్టేషన్ దూరమైతే ఆర్డినరీ బస్సు, షేర్ ఆటో ఉన్నాయి. 2023 డిసెంబర్ 9 నుంచి మహిళలకు ఆర్టీసీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మా చెల్లి అప్పటి నుంచి స్కూటీని వారానికి రెండు రోజులే తీస్తోంది.

తీయక తప్పని రోజు బండి ఆరోగ్యం చూసుకోండి. టైర్లలో గాలి వారానికోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు పట్టించాలి. ఎంత పట్టాలో కారుకైతే డ్రైవర్ డోర్ దగ్గర, బైకుకైతే చెయిన్ కవర్ మీదో మాన్యువల్‌లోనో రాసి ఉంటుంది, అందాజాగా పట్టించొద్దు. మన దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే మూసుకుపోతుంది. సైలెన్సర్ నుంచి నీలి పొగ వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని, నల్ల పొగ వస్తే ఇంధనం సరిగా మండట్లేదని అర్థం. సగం క్లచ్ పట్టుకుని నడపడం మానండి. 40, 50 మధ్య స్పీడులో మైలేజీ బాగా వస్తుంది.

సిగ్నల్‌లో అంకె ముప్పై కనిపిస్తే ఇంజిన్ ఆపండి. స్కూలు గేటు ముందయితే మరీ ముఖ్యం. పిల్లలు బయటికొచ్చే పది నిమిషాలూ నలభై బండ్లు ఇంజిన్లు ఆపకుండా నిలబడటం నేను రోజూ చూస్తున్నాను. ఏసీ కోసం కారు ఆన్‌లో పెట్టుకున్న నాన్నలకు దగ్గరికి వెళ్లి మెల్లగా చెబితే వింటున్నారు.

పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దాటనివ్వొద్దు. కానీ ఒక మాట. పెట్రోల్ బండికి అక్కడ చూసేది కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్లే. సన్నని రేణువుల్ని ఆ పరీక్ష కొలవదు. సర్టిఫికెట్ వచ్చిందంటే సర్వీసింగ్ అక్కర్లేదని కాదు.

కొత్త బండి కొనే సమయం వచ్చిందా? ఎలక్ట్రిక్ స్కూటర్ వంద కిలోమీటర్లకు 3 యూనిట్లు తీసుకుంటుంది. మన బొగ్గు కరెంటు లెక్కలో అది 2 కిలోల పైచిలుకు కార్బన్ డయాక్సైడ్. అదే దూరానికి పెట్రోల్ స్కూటర్‌ది 5 కిలోలు. పైగా వీధిలో పొగ ఉండదు. తెలంగాణ 2024 ఈవీ విధానం కింద 2026 డిసెంబర్ 31 దాకా రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మినహాయింపు ఉంది. అయితే టైర్ల అరుగుదల, రోడ్డు దుమ్ము ఎలక్ట్రిక్ బండికీ ఉంటాయి. బాగా నడుస్తున్న పెట్రోల్ బండిని అమ్మేసి ఇది కొనడం కంటే, ఉన్నదాన్ని తక్కువ తీయడమే ముందు చేయాల్సిన పని.

కాలనీతో కలిసి చేయాల్సినవి

ఆకులు, ప్లాస్టిక్ కలిపి మూలన అంటించడం వీధి గాలికి అన్నిటికంటే పెద్ద దెబ్బ. బహిరంగంగా చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్ద మొత్తంలో అయితే 25,000 జరిమానా అని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016లోనే చెప్పింది. మేం జరిమానా దాకా పోలేదు. ఖాళీ ప్లాటులో ఆకులకు ఒక గుంత తీశాం, ఎరువు మొక్కలకు పనికొస్తోంది. పొద్దున చలికి టైరు ముక్కలు, అట్టలు కాల్చుకునే వాచ్‌మన్ కుటుంబానికి మంట ఆపమని చెప్పేముందు రెండు మంచి రగ్గులు, ఒక స్వెట్టర్ ఇవ్వండి. అసలు కారణం చలే.

అపార్ట్‌మెంట్ డీజిల్ జనరేటర్ విషయం కమిటీ మీటింగులో పెట్టండి. లిఫ్ట్‌కు, మెట్ల లైట్లకు బ్యాటరీ ఇన్వర్టర్ సరిపోతుంది. సంపు మోటారును జనరేటర్ లైన్ నుంచి తీయించండి, కరెంటు వచ్చాక నీళ్లు ఎక్కించుకోవచ్చు.

సోలార్ చివరన ఎందుకు పెట్టానంటే, ముందు వాడకం తగ్గితే చిన్న సెట్ సరిపోతుంది. ఒక కిలోవాట్ ప్యానెళ్లకు సుమారు వంద చదరపు అడుగుల నీడలేని చోటు కావాలి, సగటున రోజుకు 4 యూనిట్లు వస్తాయి. ఇళ్ల మీద సోలార్ కోసం కేంద్రం పెట్టిన పీఎం సూర్యఘర్ పథకం కింద కిలోవాట్‌కు 30,000, రెండింటికి 60,000, మూడు అంతకు మించితే 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. నెలకు 240 వాడే ఇంటికి రెండు కిలోవాట్లు చాలు. మనం వాడగా మిగిలిన సోలార్ కరెంటును లైన్‌లోకి పంపి బిల్లులో తగ్గించుకునే నెట్ మీటరింగ్‌కు డిస్కమ్‌కు దరఖాస్తు పెట్టాలి. మా ఓనరు గారు ఈ మార్చిలో పెట్టిస్తానన్నారు. టెర్రస్ కొలతలు తీసి, మధ్యాహ్నం వాటర్ ట్యాంకు నీడ ఎంతదాకా పడుతుందో చాక్‌పీస్‌తో గీత గీసి వచ్చాం.